మా అమ్మాయి కాలేజీ మీల్ ప్లాన్: తిండి ఎలా ఉంది, ఆ డబ్బు ఎటు పోతోంది

మిషిగన్‌లో ఒక పబ్లిక్ యూనివర్సిటీలో మా పెద్దమ్మాయికి ఫస్టియర్ అయిపోవచ్చింది. ఈసారి పిల్లల్ని డార్మ్‌లో, అంటే కాలేజీ హాస్టల్లో, దింపబోయే మనవాళ్ళు చాలామంది ఏ మీల్ ప్లాన్ (డైనింగ్ హాల్ భోజనాలకి ముందే డబ్బు కట్టే పద్ధతి) తీసుకోవాలి, తిండి బాగుంటుందా, మన పిల్లలు తినగలరా అని అడుగుతున్నారు. రెండు సెమిస్టర్లు చూశాక నాకు తెలిసిందంతా ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. యూనివర్సిటీ పేరు, డైనింగ్ హాల్ నడిపే కంపెనీ పేరు రాయడం లేదు. ఆ ఒక్క పేరు రాస్తే మిగతా కంపెనీలు మంచివేమో అనుకుంటారు, కానీ నేను చెప్పబోయేదాంట్లో చాలా భాగం ఈ వ్యాపారం మొత్తానికి సంబంధించింది.

ముందు తిండి సంగతి. మొదటి ఏడాది డార్మ్‌లో ఉండేవాళ్ళకి మీల్ ప్లాన్ తప్పనిసరి, డాక్టర్ కాగితం తెస్తే తప్ప వద్దనడానికి లేదు. మేం తీసుకున్నది వారానికి 14 స్వైప్‌ల ప్లాన్, సెమిస్టర్‌కి 2,900 డాలర్లు. ఒక స్వైప్ అంటే కార్డు గీకి లోపలికెళ్ళి తినే ఒక పూట. వారంలో వాడుకోనివి ఆదివారం రాత్రితో పోతాయి. మా అమ్మాయి సగటున 11 వాడింది, అంటే తిన్న పూటకి 16 డాలర్ల పైనే పడింది. పెద్ద ప్లాన్ తీసుకోమని ఓరియెంటేషన్‌లో గట్టిగా చెప్తారు, వినకండి, చిన్నది తీసుకుంటే సెమిస్టర్ మొదటి రెండు వారాల్లో పెంచుకోనిస్తారు, తగ్గించుకోనివ్వరు.

పొద్దున వాఫిల్స్, ఓట్‌మీల్, పండ్లు బాగుంటాయి. సలాడ్ బార్ శుభ్రంగా ఉంటుంది, ఉడికించిన శనగలు, బీన్స్ రోజూ ఉంటాయి కాబట్టి శాకాహారం తినే పిల్లలు ఆకలితో పడుకోవాల్సిన పని లేదు. పిజ్జా ఎప్పుడూ వేడిగా దొరుకుతుంది. అన్నం మాత్రం పలుకు పలుకుగా ఉంటుంది, చల్లారితే గొంతు దిగదు. పప్పు అని పెట్టేదాంట్లో పోపు ఉండదు, ఉప్పు ఉండదు, పంచదార వేశారేమో అనిపిస్తుంది. మా అమ్మాయి నేను చేసిచ్చిన కారప్పొడి, అల్లం పచ్చడి చిన్న డబ్బాల్లో పట్టుకెళ్ళి నెట్టుకొచ్చింది, మీరూ ఇచ్చి పంపండి, ఎవరూ ఏమీ అనరు. లోపలి తిండి బయటికి తెచ్చుకోనివ్వరు, ఒక పండు మాత్రం తెచ్చుకోవచ్చు. గుడ్లు డబ్బాలో ద్రవంగా వస్తాయి, వాటిని పెద్ద ట్రేల్లో ఉడికించి ఐస్‌క్రీమ్ స్కూప్‌తో ముద్దలుగా పెడతారు.

ఆ గుడ్ల దగ్గరే నాకు ఈ విషయం మొదలైంది.

అక్టోబర్‌లో ఫ్యామిలీ వీకెండ్‌కి మా తోడికోడలి తమ్ముడు కూడా మాతో వచ్చాడు. వరంగల్ కుర్రాడు, ఇప్పుడు పెళ్ళయి, కాగితాలన్నీ సరిచేసుకుని ఒహాయోలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో పట్టుకున్న పిల్లల్లో వాడూ ఒకడు. ఆ రోజు అందరం లైన్లో నిలబడ్డాం, సర్వ్ చేసే ఆవిడ వాడి ప్లేట్‌లో రెండు ముద్దల గుడ్డు పెట్టింది, వాడు రెండడుగులు వేసి ఆగిపోయాడు. ప్లేట్ పక్కన పెట్టేసి "అక్కా, నేను పండ్లు తింటాలే" అన్నాడు. ఏమైంది నాన్నా, వేడిగానే ఉంది కదా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అక్కడ పొద్దున నాలుగున్నరకి ఇదే పెట్టేవాళ్ళు అక్కా. ఇదే స్కూపు. వాళ్ళ ఏప్రాన్ మీద కూడా ఇదే బొమ్మ" అన్నాడు. వాడి చెయ్యి వణుకుతోంది. ఏడేళ్ళ కిందటి మాట, మేమెవరం వాణ్ణి జైల్లో తిండి ఏం పెట్టారని ఎప్పుడూ అడగలేదు.

ఫార్మింగ్టన్ సంగతి మన ఇళ్ళల్లో తెలియనివాళ్ళుండరు కానీ వివరాలు మర్చిపోయి ఉంటారు, అందుకని చెప్తున్నాను. అది యూనివర్సిటీయే కాదు. డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక ఆఫీసు తీసుకుని, వెబ్‌సైట్ పెట్టి, 2015 నుంచి 2019 జనవరి దాకా అమెరికా ఇమిగ్రేషన్ పోలీసులే నడిపించారు. క్లాసులు లేవు, ప్రొఫెసర్లు లేరు. దాదాపు 600 మంది చేరారు, ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. 2019 జనవరి 30న, రక్తం గడ్డకట్టే చలిలో, దేశమంతా తలుపులు తట్టి మొదటి విడతలో 130 మందిని పట్టుకుంటే అందులో 129 మంది భారతీయులు. చదువు లేదని, వీసా నిలబెట్టుకోవడానికేనని తెలిసే చేరారని ప్రభుత్వం అంది, ప్రభుత్వ జాబితాలో గుర్తింపు ఉన్న కాలేజీ అని చూసే చేరామని పిల్లలు అన్నారు. కట్టిన ఫీజుల కోసం వేసిన దావా కింది కోర్టు కొట్టేస్తే 2024లో అప్పీల్ కోర్టు దానికి మళ్ళీ ప్రాణం పోసింది. మా వాడు కొన్ని వారాలు ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) జైల్లో ఉన్నాడు. ఆ జైలు కౌంటీది, అందులో తిండి మాత్రం ప్రైవేటు కాంట్రాక్టు.

ఆ రోజు ఇంటికొచ్చాక నిద్రపట్టలేదు. నేను నెలనెలా కార్డు గీకి కట్టే డబ్బు, మా అమ్మాయి తినే తిండి, వాణ్ణి ఆకలితో ఉంచిన తిండి, అన్నీ ఒకే కంపెనీ ఖాతాలోవి. అప్పట్నుంచి చదవడం మొదలుపెట్టాను, మా అమ్మాయి నాకంటే ఎక్కువ చదివింది.

జైలు వ్యాపారం అంటే గోడలు కట్టి తాళం వేసే కంపెనీలే అనుకునేదాన్ని. అవి ఉన్నాయి. 1983లో టెనెసీలో సీసీఏ అని మొదలైంది, ఇప్పుడు దాని పేరు కోర్‌సివిక్. ఫ్లోరిడాలో జియో గ్రూప్ ఉంది. మన మిషిగన్‌లోనే బాల్డ్‌విన్ అనే చిన్న ఊళ్ళో జియో వాళ్ళ నార్త్ లేక్ జైలు ఉంది. 1999లో పిల్లల జైలుగా మొదలైంది, మూతపడింది, 2019లో ఫెడరల్ ఖైదీలతో మళ్ళీ తెరిచారు, 2022లో మూశారు, 2025లో 1,800 పడకలతో ఇమిగ్రేషన్ నిర్బంధ కేంద్రంగా మళ్ళీ తెరిచారు. గిరాకీ ఉన్నప్పుడు తెరిచే గోడౌన్ లాగా. దేశంలో ఇమిగ్రేషన్ నిర్బంధంలో ఉన్నవాళ్ళలో అత్యధికులు ఇలాంటి ప్రైవేటు కేంద్రాల్లోనే ఉంటారు. కానీ వీటి చుట్టూ ఇంకో వరస ఉంది. ఫోన్లు, డబ్బు పంపే సర్వీసు, మందులు, తిండి. ఈ వరసలోనే యూనివర్సిటీల భోజనాల కంపెనీలు కొన్ని ఉన్నాయి.

ఇది మా కుటుంబం ఒక్కటే కనిపెట్టింది కాదు. 2000లో ఈ దేశంలో కాలేజీ పిల్లలు ఫ్రాన్స్‌కి చెందిన సొడెక్సో మీద పెద్ద ఉద్యమం చేశారు. ఆ కంపెనీ ఒకపక్క వందల క్యాంపస్‌లలో భోజనం పెడుతూ ఇంకోపక్క సీసీఏలో పెద్ద వాటాదారుగా ఉండేది. మా డబ్బుతో కాదు అని పిల్లలు డైనింగ్ హాళ్ళ ముందు కూర్చున్నారు, కొన్ని కాలేజీలు కాంట్రాక్టులు వదులుకున్నాయి, 2001లో సొడెక్సో ఆ షేర్లు అమ్మేసింది. ఏడాదిలో జరిగిపోయింది! బ్రిటన్‌లో మాత్రం ఆ కంపెనీ ఇప్పటికీ జైళ్ళు నడుపుతోంది.

మిషిగన్ సంగతి ఇంకా దగ్గరిది. 2013 డిసెంబర్‌లో ఇక్కడి రాష్ట్ర జైళ్ళ వంటగదుల్లో ప్రభుత్వ ఉద్యోగుల్ని తీసేసి 14.5 కోట్ల డాలర్లకి అరామార్క్‌కి మూడేళ్ళ కాంట్రాక్టు ఇచ్చారు. అదే కంపెనీ దేశంలో వందల కాలేజీల్లో డైనింగ్ హాళ్ళు నడుపుతుంది. ఏడాది తిరగకుండానే వంటగదుల్లో పురుగులు, తిండి చాలడం లేదని గొడవలు. 2014లో రాష్ట్రం ముందు 98 వేల డాలర్లు, తర్వాత 2 లక్షల డాలర్లు జరిమానా వేసింది. 2015లో కాంట్రాక్టు ముగించి ఇంకో ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు, అదీ సరిగ్గా నడవలేదు, 2018లో రాష్ట్రం మళ్ళీ తన ఉద్యోగుల్నే పెట్టుకుంది. అప్పుడు మేం ఇక్కడే కాంటన్‌లో ఉన్నాం. పేపర్లో చదివే ఉంటాను, పేజీ తిప్పేసి ఉంటాను. ఇప్పుడు అది గుర్తొస్తే బాధగా ఉంది.

ఎందుకంటే ఆ తిండి తిన్నవాళ్ళు ఎవరో చూడండి. మిషిగన్ జనాభాలో నల్లజాతివాళ్ళు 14 శాతం, రాష్ట్ర జైళ్ళలో వాళ్ళు సగానికి పైగా. దేశం మొత్తం చూసినా జనాభాలో 13 శాతం ఉన్నవాళ్ళు ఖైదీల్లో దాదాపు మూడో వంతు. ఒకే తప్పుకి ఎవర్ని ఆపి సోదా చేస్తారు, ఎవరికి బెయిల్ కట్టే స్తోమత ఉంది, ఎవరికి మంచి లాయర్ దొరుకుతాడు, అన్నీ కలిసి ఈ లెక్క తేలుతోంది. ఈ లెక్క తగ్గితే నష్టపోయే కంపెనీకి మన పిల్లల ఫీజు డబ్బు అందించే పని యూనివర్సిటీ ఎందుకు చెయ్యాలి? అదే యూనివర్సిటీ వెబ్‌సైట్ మొదటి పేజీలో జాతి సమానత్వం గురించి పెద్ద అక్షరాలతో రాసుకుంటుంది. రాసుకున్నదాన్ని నమ్మే మా అమ్మాయి అక్కడ చేరింది.

డైనింగ్ హాల్లో ఒక పెద్దావిడ ఉంది, నల్లజాతి ఆవిడ, మా అమ్మకి అటూఇటూ వయసు. మా అమ్మాయికి మాంసం తగలకుండా గరిటె మార్చి వడ్డిస్తుంది, పెరుగు అయిపోతుందనుకుంటే ఒక కప్పు తీసి పక్కన పెడుతుంది. ఈ రివ్యూలో అయిదు నక్షత్రాలు ఇవ్వదగ్గది ఏదైనా ఉంటే అది లైన్లో నిలబడి వడ్డించేవాళ్ళ పని. సెలవుల్లో క్యాంపస్ మూస్తే వాళ్ళకి జీతం ఉండదు, వేసవి మూడు నెలలూ వేరే పని వెతుక్కోవాలి. ఆవిడ కొడుకు పైన యూపీలో, అంటే మిషిగన్ ఉత్తర ద్వీపకల్పంలో, ఒక జైల్లో ఉన్నాడని మా అమ్మాయికి ఒక రోజు చెప్పింది. కారులో ఎనిమిది గంటలు. ఏడాదికి ఒకసారి వెళ్తుంది. నెలకి వంద డాలర్లు పంపుతుంది, నూడుల్స్ ప్యాకెట్లు, ట్యూనా, సబ్బు కొనుక్కోవడానికి.

ఈ నూడుల్స్ ప్యాకెట్ల సంగతి అర్థమైతే మొత్తం వ్యాపారం అర్థమవుతుంది. జైలు లోపల కొట్టు ఉంటుంది, కమిసరీ అంటారు. చాలా కౌంటీ జైళ్ళలో తిండి కాంట్రాక్టు, కమిసరీ కాంట్రాక్టు ఒకే కంపెనీ చేతిలోనో దాని చుట్టం కంపెనీ చేతిలోనో ఉంటాయి. పొద్దున నాలుగున్నరకి పెట్టిన గుడ్డు కడుపు నింపకపోతే మధ్యాహ్నానికి కొట్లో కొనుక్కోవాలి. ట్రేలో తగ్గించిన ప్రతి గరిటె కొట్లో అమ్మకంగా తిరిగొస్తుంది. ఆ కొట్టు బయట బజారు రేటుకి అమ్మదు, లోపలున్నవాడికి ఇంకో కొట్టు లేదు. డబ్బు పంపడానికి కూడా ఫీజు. కట్టేది తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్ళు. మా తోడికోడలు కూడా 2019లో తమ్ముడికి అలాగే పంపింది, ప్రతిసారీ కమీషన్ పోయింది, ఆ కాగితాలు ఇప్పటికీ దాచుకుంది. మా అమ్మాయికి వడ్డించే ఆవిడ చేతికొచ్చే జీతం ఇలాంటి కంపెనీ ఇచ్చేది, అందులో కొంత అలాంటి కంపెనీకే తిరిగి పోతోంది.

యూనివర్సిటీకి ఇందులో ఏముంది అని మొదట నాకు అర్థం కాలేదు. పబ్లిక్ యూనివర్సిటీ కాబట్టి మన సమాచార హక్కు చట్టం లాంటి చట్టమే ఇక్కడా ఉంది, దాని కింద పిల్లలు కొందరు కలిసి భోజనాల కాంట్రాక్టు కాపీ అడిగారు. ఏడు వారాలు పట్టింది, కొన్ని పేజీలు నల్లగా కొట్టేసి ఇచ్చారు, అయినా చాలా తెలిసింది. డైనింగ్ హాల్లో కొత్త ఓవెన్లు, కొత్త బల్లలు, గోడకి ఆ చెక్కపని, అన్నీ కంపెనీ పెట్టుబడి. దానికి బదులు పదేళ్ళ కాంట్రాక్టు. అమ్మకంలో యూనివర్సిటీకి కమీషన్. మధ్యలో తెంచుకుంటే మిగిలిన పెట్టుబడి యూనివర్సిటీ కట్టాలి. ఇలాంటి ఒప్పందాలు దేశంలో మామూలేనట. ఫస్టియర్ పిల్లలకి మీల్ ప్లాన్ ఎందుకు తప్పనిసరో నాకు అప్పుడు తెలిసింది. పిల్లలు కలిసి తింటే స్నేహాలు పెరుగుతాయని ఓరియెంటేషన్‌లో చెప్పారు, అది కూడా నిజమే కావచ్చు, కానీ కంపెనీకి ఇన్ని తలలు అని ముందే రాసిచ్చారు.

యూనివర్సిటీలు జైలు కంపెనీల్లో పెట్టుకున్న షేర్లు, వాటి నుంచి తీసుకునే విరాళాలు వేరే సంబంధాలు. వాటి మీద పిల్లలు గెలిచినవి ఉన్నాయి కాబట్టి త్వరగా చెప్తాను. 2013లో ఫ్లోరిడా అట్లాంటిక్ యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ స్టేడియానికి 60 లక్షల డాలర్లు తీసుకుని జియో గ్రూప్ పేరు పెట్టబోయింది. ఆ కంపెనీ అధినేత అక్కడ చదువుకున్నవాడే, ఒకప్పుడు ట్రస్టీల బోర్డు ఛైర్మన్ కూడా. విద్యార్థులు, ప్రొఫెసర్లు గొడవ చేస్తే ఆరు వారాల్లో కంపెనీయే వెనక్కి తగ్గింది. 2015 జూన్‌లో కొలంబియా యూనివర్సిటీ ప్రైవేటు జైళ్ళ షేర్లు తన దగ్గర ఉంచుకోకూడదని నిర్ణయించింది, ఈ దేశంలో అలా చేసిన మొదటి యూనివర్సిటీ అదే, నల్లజాతి విద్యార్థులు ముందుండి నడిపించారు. ఆ డిసెంబర్‌లోనే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా దాదాపు 2.5 కోట్ల డాలర్ల షేర్లు అమ్మేసింది. హార్వర్డ్‌లో మాత్రం మా దగ్గర ఉన్నది 18 వేల డాలర్లే అని అధ్యక్షుడు అన్నారు, మొత్తం లెక్క చూపించమని పిల్లలు అడిగారు, 2020లో కోర్టుకి కూడా వెళ్ళారు. షేరు అమ్మడం ఒక పూట పని. భోజనాల కాంట్రాక్టు తెంచడం కష్టం, బల్లల దగ్గర్నుంచి వంటవాళ్ళ దాకా అన్నీ దానికి ముడిపడి ఉంటాయి. అయినా న్యూయార్క్ యూనివర్సిటీలో జరిగింది. 2018 ఫిబ్రవరిలో, నల్లజాతి చరిత్ర మాసం పేరుతో, అరామార్క్ నడిపే అక్కడి డైనింగ్ హాల్లో మాంసం ముక్కలు, కూల్‌ఎయిడ్ అనే తియ్యటి రంగునీళ్ళు, పుచ్చకాయ రుచి నీళ్ళు పెట్టారు. పుచ్చకాయతో నల్లవాళ్ళని వెక్కిరించడం ఇక్కడ తరాల నాటి అవమానం. అధ్యక్షుడు క్షమాపణ చెప్పారు, విద్యార్థులు అంతటితో వదలకుండా ఆ కంపెనీ జైళ్ళ వ్యాపారం కూడా ముందుకు తెచ్చారు, 2019లో భోజనాల కంపెనీ మారింది.

మనవాళ్ళలో కొందరు నాతో అన్నారు, ఫీజు కట్టామా, పిల్ల చదువుకుందా, నల్లవాళ్ళ జైళ్ళ గొడవ మనకెందుకమ్మా అని. పెద్దవాళ్ళు కాబట్టి ఎదురు చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నాను. 2019 జనవరి 30 ఉదయం దాకా మా తోడికోడలి ఇంట్లో కూడా అదే మాట. ఆ తర్వాత కౌంటీ జైల్లో మా వాడికి తన నూడుల్స్ ప్యాకెట్ సగం ఇచ్చింది డెట్రాయిట్ నుంచి వచ్చిన ఒక నల్లజాతి కుర్రాడు. వేడినీళ్ళు లేకపోతే చల్లనీళ్ళలో ఎంతసేపు నానబెట్టాలో నేర్పింది కూడా ఆ అబ్బాయే. వాడు ఇప్పటికీ ఆ పేరు తలుచుకుంటాడు.

ఇక నా రేటింగ్. తిండికి మూడు. ధరకి ఒకటి. వడ్డించేవాళ్ళకి అయిదు. కంపెనీకి, దాన్ని పిలిచి పదేళ్ళకి కూర్చోబెట్టిన యూనివర్సిటీకి నేను ఒక్క నక్షత్రం కూడా ఇవ్వను.

కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు డార్మ్, ల్యాబ్, పార్కింగ్ అన్నీ అడుగుతాం కదా, డైనింగ్ హాల్ ఎవరు నడుపుతున్నారో కూడా అడగండి. కొన్ని యూనివర్సిటీలు సొంత ఉద్యోగులతోనే నడుపుకుంటాయి, అక్కడ తిండి కూడా బాగుందని అక్కడి పిల్లల తల్లిదండ్రులు చెప్పారు. కంపెనీ నడుపుతుంటే దానికి జైళ్ళ కాంట్రాక్టులు ఉన్నాయా, మీ ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, వేసవిలో వంటవాళ్ళకి జీతం ఉందా అని అడగండి. టూర్ తిప్పే పిల్లలకి తెలియకపోతే ఆఫీసుకి ఈమెయిల్ రాయండి. పది మంది తల్లిదండ్రులు రాస్తే ఫైల్లో పది కాగితాలు చేరతాయి.

మా అమ్మాయి వచ్చే ఏడాది డార్మ్ బయట అపార్ట్‌మెంట్‌కి మారుతోంది, మూడు కప్పుల రైస్ కుక్కర్ కొనిచ్చాం, మీల్ ప్లాన్ తీసుకోవడం లేదు. ఈ కాంట్రాక్టు ముగిసి కొత్త టెండర్ పిలిచేటప్పుడు జైళ్ళ వ్యాపారం ఉన్న కంపెనీల్ని తీసుకోవద్దని, ఇప్పుడున్న వంటవాళ్ళనీ వడ్డించేవాళ్ళనీ ఎవరొచ్చినా అదే జీతంతో కొనసాగించాలని పిల్లలు అర్జీ పెట్టారు. రెండో కోరిక మా అమ్మాయే పట్టుబట్టి చేర్పించింది, కంపెనీ మారితే ముందు ఊడేది ఆ పెద్దావిడ ఉద్యోగమేనని తన భయం. తల్లిదండ్రుల తరఫున నేనూ ఒక ఉత్తరం రాశాను, మా తోడికోడలు దాచుకున్న ఆ కమీషన్ కాగితాల ఫోటోలు దానికి జతచేశాను. ఆరు వారాలైంది, జవాబు రాలేదు. వచ్చాక ఏం చెప్పారో ఇక్కడే రాస్తాను.